తలుపు బయట నిలబడ్డ వెచ్చదనం



ఈ ఉపన్యాసం పెట్టించిన ధర్మనిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆమె పేరు మీ చేతిలోని ఆహ్వాన పత్రిక మీద ఉంది. ఆస్పత్రిలో ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు లేరు. మా అందరికీ ఆమె పెద్ద సిస్టర్. నేనూ అలాగే అంటాను. ఆమె గురించి చెప్పవలసిన మంచి మాటలు నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. తన పొగడ్త తాను వినాల్సి వస్తే రెండో మాటకే లేచి వార్డులోకి వెళ్లిపోయే మనిషి ఆమె. అందుకని ఆ భాగం అక్కడితో వదిలేసి, ఆమె ఉద్యోగమంతా చేసిన పని గురించి మాట్లాడతాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబడకుండా చూడటం ఆ పని.

"ఇంత చిన్న విషయానికి ఉపన్యాసం ఎందుకండీ, వెంటిలేటర్ల గురించి చెప్పండి" అన్న మిత్రుడొకరు ఈ సభలోనే ఉన్నారు. ఆయన మీద గౌరవం ఉంచుకునే కాదన్నాను. 37 వారాలు నిండకముందే పుట్టిన పిల్లలు 2020లో ప్రపంచమంతటా కోటీ 34 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసిన అంచనా. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలో పుట్టినవాళ్లు. మరే దేశంలోనూ అంతమంది లేరు. వాళ్లలో ఒక బిడ్డ పోతే కేసు షీటు మీద ఊపిరితిత్తులు ఎదగలేదనో, రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనో, మెదడులో రక్తస్రావమనో రాస్తాం. చలి అని రాయం. బిడ్డ మా చేతికి వచ్చేసరికి ఒళ్లు చల్లగా ఉందన్న సంగతి కేసు షీటు మొదటి పేజీలో ఎక్కడో ఒక అంకెగా ఉండిపోతుంది. చాలాసార్లు ఆ అంకె కూడా ఉండదు, ఎందుకంటే ఎవరూ కొలిచి ఉండరు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో కూడా బిడ్డకు చలేస్తుందంటే తాతమ్మలు నవ్వుతారు. కానీ లెక్క చూడండి. కిలో బరువున్న బిడ్డను బట్టల్లేకుండా పడుకోబెట్టామనుకుందాం. ఒంటి వేడి నిలుపుకోవడానికి ఆ బిడ్డ అదనంగా శ్రమ పడకుండా ఉండాలంటే మొదటిరోజు చుట్టూ ఉన్న గాలి దాదాపు 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. ఏసీ 26కి పెట్టుకుని మనం హాయిగా ఉందనుకునే గదిలో ఆ బిడ్డ గడ్డకట్టే చలిలో ఉన్నట్టే. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో పుష్యమాసంలో పుట్టిన బిడ్డకైతే అందరూ జాగ్రత్త పడతారు. ఎండాకాలంలో పుట్టిన బిడ్డకు ఎవరూ పడరు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

బరువుతో పోల్చి చూస్తే ఆ చిన్న ఒంటికి చర్మం మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ చర్మం కూడా ఇంకా పలచన, దాని పైపొర గట్టిపడలేదు, కింద కొవ్వు లేదు. మనకు చలేస్తే వణుకుతాం, ముడుచుకుంటాం, దుప్పటి లాక్కుంటాం. పుట్టిన బిడ్డకు వణుకు రాదు. దానికి బదులుగా ప్రకృతి మెడ చుట్టూ, భుజాల రెక్కల మధ్య, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు అనే ప్రత్యేకమైన నిల్వ పెట్టింది. చలి తగిలితే ఆ కొవ్వు ఖర్చై వేడి పుడుతుంది. అయితే ఆ నిల్వ కడుపులో చివరి మూడు నెలల్లో చేరుతుంది. ఏడో నెలలోనే బయటపడ్డ బిడ్డ దగ్గర అది ఉండీ లేనట్టే. ముడుచుకుని పడుకునేంత కండబలమూ ఉండదు, కాళ్లూ చేతులూ వాలేసి పడుకుంటుంది. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అన్న మాట మన ఊళ్లలో ఇప్పటికీ వింటాం. పురాతన గ్రీకు వైద్యులూ అదే రాశారు. రెండు చోట్లా తప్పే. కడుపులో ఒక్క వారం ఎక్కువ గడిచినా ఆ బిడ్డకు మేలే.

చలికి బిడ్డ ఏం చేస్తుంది? ఏడవదు. అదే వచ్చిన చిక్కు. ఉన్న ప్రాణవాయువునీ చక్కెరనీ వేడి పుట్టించడానికి ఖర్చు పెడుతుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, ఆమ్లం పెరుగుతుంది, ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి, దాంతో ప్రాణవాయువు మరింత తగ్గుతుంది. కాసేపటికి పాలు చీకడం మానేసి ఊరికే పడుకుంటుంది. ఇంట్లోవాళ్లు "ఎంత బుద్ధిగా నిద్రపోతున్నాడో" అంటారు. బాగా చల్లబడ్డ కొందరు పిల్లల్లో బుగ్గలూ అరికాళ్లూ ఎర్రగా కూడా కనిపిస్తాయి. చూసినవాళ్లు మంచి రంగులో ఉన్నాడనుకుంటారు. ఆ ఎరుపు ఆరోగ్యం కాదు. చల్లబడ్డ రక్తం తనలోని ప్రాణవాయువును కణాలకు వదలకపోవడం వల్ల వచ్చిన రంగది.

అందుకే పెద్ద సిస్టర్ రంగు చూసేవారు కాదు, తాకి చూసేవారు. అరచేత్తో కాదు, చేతి వెనక వైపుతో. ముందు పొట్ట, తర్వాత అరికాలు. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోందని అర్థం, అప్పుడే అందుకోవాలి. రెండూ చల్లగా ఉంటే పోరాటం ఓడిపోతోందని అర్థం. థర్మామీటరు ఆ తర్వాత. 36.5 నుంచి 37.5 వరకు మామూలు. మన ఇళ్లలోని ఫారెన్‌హీట్ లెక్కలో 97.7 నుంచి 99.5. 36 కంటే దిగితే ప్రమాదం మొదలైనట్టు, 32 కంటే దిగితే ప్రాణం మీదికి వచ్చినట్టు. ఇక్కడున్న ఆశా అమ్మాయిలకు ఈ తాకి చూసే పద్ధతి శిక్షణలో నేర్పే ఉంటారు. నేర్పినదాన్ని బిడ్డ నాయనమ్మకు కూడా నేర్పండి. మీరు వెళ్లేది మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు. ఆమె ఉండేది రాత్రీ పగలూ.

ఇప్పుడు కాన్పు గదిలోకి వెళ్దాం. పుట్టిన క్షణాన బిడ్డ ఒళ్లంతా ఉమ్మనీటి తడి. మట్టికుండ చెమ్మ ఆవిరవుతుంటే లోపలి నీళ్లు ఎందుకు చల్లబడతాయో, బిడ్డ ఒళ్లూ అందుకే చల్లబడుతుంది. ఒక మిల్లీలీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.58 కిలో క్యాలరీల వేడి కావాలి. కిలో బిడ్డ ఒంటి మీద ఐదు మిల్లీలీటర్ల తడి, అంటే ఒక టీ చెంచాడు, ఉందనుకోండి. ఆ వేడంతా బిడ్డ ఒంట్లోంచే పోతే మూడున్నర డిగ్రీలు దిగిపోతుంది. కొంత వేడి చుట్టూ ఉన్న గాలీ ఇస్తుంది కాబట్టి అంత దిగకపోవచ్చు. అయినా ఒక చెంచాడు నీటికి ఎంత బలముందో చూశారు కదా.

పెద్ద సిస్టర్ కాన్పు గదిలో అడుగు పెట్టగానే ముందు ఫ్యాను ఆపేవారు. డాక్టరమ్మకు చెమట పట్టినా సరే. కిటికీ రెక్క వేసి, పైనుంచి వేడినిచ్చే వార్మర్ ఆన్ చేసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డలు రెండు దాని కింద పరిచేవారు. బిడ్డ చేతికి రాగానే మొదటి గుడ్డతో తల, వీపు, చంకలు, గజ్జలు అద్దినట్టు తుడిచి, ఆ గుడ్డను అటు చూడకుండానే కింద పడేసేవారు. రెండో గుడ్డ ఒంటి మీదికి వచ్చి, తలకు టోపీ పడ్డాకే మిగతా పనులు. ఆ మొదటి గుడ్డను పారేయడమే ఆమె కిటుకు. బిడ్డను శుభ్రంగా తుడిచి, తుడిచిన తడిగుడ్డలోనే చుట్టి పక్కన పెట్టడం మన ఆస్పత్రుల్లో అతి మామూలు. హౌస్ సర్జన్ కుర్రవాడెవరైనా అలా చేస్తే ఆమె అరిచేవారు కాదు. ఒక గుడ్డ పంపు కింద తడిపి తెచ్చి, "ఇది మెడకు చుట్టుకుని రౌండ్స్‌కు వెళ్లి రా నాయనా" అనేవారు. ఇద్దరు ముగ్గురు నిజంగానే చుట్టుకుని వెళ్లారు.

తర్వాత మరీ చిన్న పిల్లల విషయంలో ఈ తుడిచే నియమమే తిరగబడింది. కెనడాలో పరిశోధకులు 28 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డలను అసలు తుడవకుండా, తడి ఒళ్లుతోనే మెడ దాకా పాలిథీన్ సంచిలో పెట్టి, తల మాత్రం ఆరబెట్టి వార్మర్ కింద ఉంచి చూశారు. 1999లో ఆ ఫలితాలు వచ్చాయి. సంచిలో పెట్టిన పిల్లలు వార్డుకు చేరేసరికి ఎక్కువ వెచ్చగా ఉన్నారు. తడి ఆవిరయ్యే దారి సంచి మూసేస్తుంది, పైనుంచి వచ్చే వేడి మాత్రం లోపలికి చేరుతుంది. ఇది వినగానే పెద్ద సిస్టర్ ముఖం చిట్లించారు. "కూరగాయల సంచిలోనా?" అన్నారు. థర్మామీటరు అంకె చూశాక మాత్రం, శుభ్రమైన సంచులు కాన్పు గది అలమారలో తగ్గకుండా చూసుకునే బాధ్యత తనే పెట్టుకున్నారు.

ఆపరేషన్ థియేటర్ సంగతి వేరు. అక్కడ ఏసీ సర్జన్ సౌఖ్యానికి పెడతారు. మీద గౌను, పైన లైటు, చేతిలో పని. ఆయనకు చల్లగా ఉండాల్సిందే, అర్థం చేసుకోగలను. కానీ ఆ గదిలో బట్టల్లేకుండా, తడితో ఉండబోయే మనిషి ఒకరే. కాన్పు గది 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పింది. నేను పనిచేసిన ఒకచోట ఏసీ రిమోట్ థియేటర్ ఇన్‌చార్జి బీరువాలో తాళం వేసి ఉండేది. నెలలు నిండని కాన్పు వస్తోందని కబురు వచ్చాక బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకడం మొదలయ్యేది. తాళంచెవి దొరికేసరికి బిడ్డ పుట్టేవాడు.

ఇదంతా మీకు తెలిసిందే. నేను అసలు చెప్పదలచుకున్నది దీని వెనక ఉన్న కథ. బిడ్డను వెచ్చగా ఉంచడానికి మనిషి పెట్టె కనిపెట్టాడు. ఆ పెట్టె చుట్టూ గది కట్టాడు. గదికి తలుపు పెట్టాడు. ఆ తలుపు బయట తల్లిని నిలబెట్టాడు. నూరేళ్లు గడిచాక, అన్నిటికంటే నమ్మకమైన వెచ్చదనాన్ని బయట నిలబెట్టామని లెక్కలు వేసి తేల్చుకున్నాడు.

19వ శతాబ్దంలో రష్యాలో, జర్మనీలో, ఫ్రాన్సులో రెండు గోడల లోహపు తొట్లు చేసి, గోడల మధ్య వేడినీళ్లు పోసి, చిన్న పిల్లలను వాటిలో పడుకోబెట్టేవారు. పేరు మాత్రం పారిస్ ప్రసూతి వైద్యుడు స్టెఫాన్ టార్నియేకు వచ్చింది. 1870-71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్సుకు జనాభా బెంగ పట్టుకున్న కాలమది. టార్నియే 1878లో పారిస్ జంతుప్రదర్శనశాలకు వెళ్లి కోడిగుడ్లు పొదిగించే యంత్రం చూశాడు. దాన్ని చేసిన ఒడీల్ మార్తాఁ అనే ఆయన్ను పట్టుకుని, పిల్లలకు అలాంటిది చేసి పెట్టమన్నాడు. 1880లో పారిస్ మెటర్నిటీ ఆస్పత్రిలో అది మొదలైంది. రెండు పొరల చెక్కపెట్టె, పొరల మధ్య రంపపుపొట్టు, అడుగున వేడినీళ్లు, పైన గాజు మూత. 2 కిలోల లోపు పిల్లల్లో అప్పటిదాకా నూటికి 66 మంది పోతుండగా ఆ సంఖ్య 38కి దిగిందని ఆయన సహాయకుడు ఓవార్ 1883లో లెక్క చూపించాడు. ఇంకే మందూ లేదు, సూదీ లేదు. వేడినీళ్లు, రంపపుపొట్టు.

ఆ ఆస్పత్రిలోనే 1893లో బలహీన శిశువుల కోసం ప్రత్యేక విభాగం పెట్టించింది అక్కడి ప్రధాన మంత్రసాని మదామ్ ఆన్రీ. నర్సింగ్ విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకోండి, మా వైద్యుల పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. తర్వాత ఆ విభాగం పియేర్ బూదాఁ చేతికి వచ్చింది. బిడ్డ ఒంటి వేడి ఎంత పడితే బతికే అవకాశం అంత పడుతుందని పట్టికలు వేసి చూపినవాడు ఆయన. ఇంకో సంగతీ గమనించాడు. పెట్టెలో పెట్టిన పిల్లల తల్లులు ఇంటికి వెళ్లిపోతే, వాళ్ల పాలు ఎండిపోతున్నాయి, కొన్నాళ్లకు బిడ్డ మీద ధ్యాసా తగ్గిపోతోంది. అందుకని తల్లులు వచ్చి పాలివ్వాలని పట్టుబట్టాడు. ఆ మాట ప్రపంచానికి చేరలేదు. పెట్టె మాత్రం చేరింది.

ఎలా చేరిందో వింటే ఆశ్చర్యపోతారు. తిరునాళ్ల దారిలో చేరింది. 1896లో బెర్లిన్ ఎగ్జిబిషన్‌లో నెలలు నిండని పిల్లలను ఇంక్యుబేటర్లలో పెట్టి టికెట్టు పెట్టి చూపించారు. అలాంటి ప్రదర్శనలతోనే అమెరికాలో పేరు తెచ్చుకున్నాడు మార్టిన్ కూనీ. న్యూయార్క్ కోనీ ఐలాండ్ వినోదశాలలో 1903 నుంచి 1943 దాకా, రంగులరాట్నాల పక్కన, పాతిక సెంట్ల టికెట్టుతో పిల్లల్ని చూపించాడు. అతనికి వైద్య పట్టా ఉన్నట్టు వెతికినవాళ్లకు ఆధారం దొరకలేదు. జనం కోసం నర్సు తన వేలి ఉంగరం తీసి బిడ్డ మణికట్టు దాకా తొడిగి చూపేది. వినడానికి ఒళ్లు మండుతుంది. కానీ ఆ టికెట్టు డబ్బులతోనే నర్సుల జీతాలు, పాలిచ్చే దాయిల జీతాలు ఇచ్చాడు, తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. ఆనాటి అమెరికా ఆస్పత్రులు చాలావరకు ఆ పిల్లల్ని ఆశ వదిలేసి పక్కన పెట్టేవి. కూనీని మోసగాడనాలా, పుణ్యాత్ముడనాలా అని నన్నడిగితే, ఆస్పత్రులు చేయని పని చేసినవాణ్ణి మోసగాడనే అర్హత ఆస్పత్రులకు లేదంటాను. అయితే అతని ప్రదర్శనలో గాజు ఇవతల నిలబడి చూసినవాళ్లలో తల్లికీ, టికెట్టు కొన్న ప్రేక్షకుడికీ తేడా లేదు. ఆ తర్వాత వచ్చిన ఆస్పత్రి వార్డులు ఇన్‌ఫెక్షన్ భయంతో ఆ గాజునే ఇంకాస్త మందం చేశాయి.

పెట్టెలో ఎంత వేడి ఉండాలన్నది కూడా చాలాకాలం ఎవరి అభిప్రాయం వారిదే. చిన్న పిల్లలు కాస్త చల్లగా ఉంటే నష్టం లేదని 1950ల్లో పెద్ద వైద్యులే నమ్మారు. న్యూయార్క్‌లో విలియం సిల్వర్మన్, ఆయన సహచరులు పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపు ఇంక్యుబేటర్లలో గాలి 28.9 డిగ్రీలు, రెండో గుంపుకు 31.7 డిగ్రీలు పెట్టి చూశారు. 1958లో ఫలితం ప్రకటించారు. చల్లటి పెట్టెల్లో నూటికి 68 మంది, వెచ్చటి పెట్టెల్లో నూటికి 83 మంది బతికారు. మూడు డిగ్రీలు కూడా తేడా లేదు. ఇంత పెద్ద ఫలితం ఇంత చవగ్గా వచ్చిన సందర్భాలు వైద్యంలో అరుదు.

తలుపు తెరుచుకున్నది బొగొటాలో. 1978లో, కొలంబియా రాజధానిలోని తల్లీబిడ్డల ఆస్పత్రిలో, ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడి దగ్గర ఇంక్యుబేటర్లు చాలలేదు. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లలు. ఒకరికి ఇన్‌ఫెక్షన్ వస్తే అందరికీ. కొందరు తల్లులు బిడ్డను వదిలేసి వెళ్లిపోతున్నారు. అప్పుడు ఆయన బిడ్డను బట్టల్లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, గుడ్డతో కట్టి, తల్లికే అప్పగించాడు. మరుసటి ఏడాది హెక్టర్ మార్టినెజ్ తోడయ్యాడు. లేమి నుంచి పుట్టిన పద్ధతి గనక ఈ కంగారూ మదర్ కేర్‌ను, అంటే కేఎంసీని, చాలాకాలం పేదవాళ్ల ఇంక్యుబేటర్ అని చిన్నచూపు చూశారు. మన దగ్గరా అంతే. పెద్ద ఆస్పత్రిలో వార్మర్ ఖాళీ లేదంటేనే కేఎంసీ. బిడ్డ గట్టిపడ్డాక, ఇంటికి పంపే ముందు రెండు రోజులు, ఫొటో కోసం అన్నట్టు కేఎంసీ.

2021లో ఆ చిన్నచూపుకు జవాబు వచ్చింది. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా, భారత్, ఈ ఐదు దేశాల ఆస్పత్రుల్లో కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలు 3211 మందిని తీసుకున్నారు. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి. సగం మందికి మామూలు పద్ధతి, అంటే ముందు వార్మర్, బిడ్డ నిలదొక్కుకున్నాక తల్లి. మిగతా సగానికి పుట్టిన కాసేపటికే తల్లి రొమ్ము. ఐసీయూలోనే తల్లికి మంచం. మిగతా చికిత్సలు రెండు గుంపులకూ అవే. మొదటి గుంపులో తల్లి దగ్గర గడిపింది రోజుకు గంటన్నర, రెండో గుంపులో దాదాపు 17 గంటలు. 28 రోజులకు చూస్తే మొదటి గుంపులో నూటికి 15.7 మంది పోయారు, రెండో గుంపులో 12 మంది. 27 మంది బిడ్డలను వెంటనే తల్లికి ఇస్తే ఒక ప్రాణం అదనంగా దక్కిందన్నమాట. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు. తల్లి లోపలికి వస్తే ఇన్‌ఫెక్షన్లు వస్తాయన్న పాత భయమూ తేలిపోయింది. ఇన్‌ఫెక్షన్ అనుమానం కూడా తల్లి దగ్గరున్న పిల్లల్లోనే తక్కువ. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చుకుంది: బిడ్డ నిలదొక్కుకునేదాకా ఆగక్కర్లేదు, ఊపిరి అందక మరీ విషమంగా ఉన్నవాళ్లను మినహాయించి, వీలైనంత త్వరగా, రోజుకు 8 నుంచి 24 గంటలు.

నేను యంత్రాల విరోధిని కాను. ఊపిరితిత్తులు పనిచేయని బిడ్డకు యంత్రం కావాలి. కానీ వార్మర్ పై నుంచి వేడి ఇస్తూ బిడ్డ ఒంటి నీటిని ఆవిరి చేసేస్తుంది. ఒంటి వేడి కొలవడానికి పొట్ట మీద అతికించిన ప్రోబ్ ఊడి పక్కకు పడితే, బిడ్డ చల్లగా ఉందనుకుని యంత్రం వేడి పెంచుకుంటూ పోతుంది. కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా ఏమీ ఇవ్వదు. తల్లి ఒంటికి ఈ చిక్కులు లేవు.

ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించేటప్పుడూ అంతే. బిడ్డ చల్లబడిపోయేది చేతులు మారేచోట: కాన్పు గది నుంచి వార్డుకు, వార్డు నుంచి అంబులెన్సుకు, అంబులెన్సు నుంచి పెద్దాస్పత్రి క్యాజువాలిటీ బల్ల మీదికి. 108లో డ్రైవరు పక్క సీట్లో తండ్రి, వెనక తువ్వాలులో బిడ్డ, తల్లి పాత ఆస్పత్రి మంచం మీదే. ఎంబ్రేస్ లాంటి మైనపు సంచులు వచ్చాయి, 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి పట్టి ఉంచుతాయి, ఉంటే మంచిదే. లేకపోతే నాయనమ్మ రొమ్ము ఉంది, తండ్రి ఛాతీ ఉంది. చొక్కా గుండీలు విప్పమంటే సిగ్గుపడే తండ్రులు పది నిమిషాలయ్యాక బిడ్డను తిరిగి ఇవ్వమన్నా ఇవ్వరు. అన్నిటికంటే మంచి వాహనం తల్లి గర్భమే. నొప్పులు ముందే మొదలయ్యాయని తెలిసినప్పుడు బిడ్డను కడుపులో ఉండగానే పెద్దాస్పత్రికి చేర్చడం మేలు.

ఆస్పత్రే లేనిచోట కూడా ఈ పని సాధ్యమే. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఆస్పత్రి లేని ఊళ్లలో, అంతగా చదువుకోని ఆడవాళ్లకే నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. వాళ్ల సంచిలో థర్మామీటరు, తూనిక, ఇన్‌ఫెక్షన్‌కు సూదిమందు, దుప్పటి గుడ్డతో కుట్టిన పిల్లల సంచి. పోలిక కోసం తీసుకున్న ఊళ్లతో చూస్తే మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇప్పుడు ఆశాలు ఇల్లిల్లూ తిరగడానికి మూలం అదే.

మన ఇళ్ల సంగతి ఒక మాట. పురిటి గది తలుపులు మూసి, గాలి తగలకుండా, పాత చీర పొత్తిళ్లలో బిడ్డను తల్లి పక్కనే ఉంచిన అమ్మమ్మలను మనం ఎగతాళి చేశాం. చాలావరకు వాళ్లదే నిజం. తప్పింది నీళ్లు పోయడంలో. పుట్టిన బిడ్డను ఆ రోజే కాళ్ల మీద బోర్లా వేసుకుని చెంబులతో పోసి, సాంబ్రాణి పొగ పట్టడం నెలలు నిండని బిడ్డకు పనికిరాదు. మంచం కింద కుంపటి, పక్కలో వేడినీళ్ల సీసా కూడా వద్దు. సీసా వల్ల కాలిన బొబ్బలు మేం చూస్తూనే ఉంటాం. నిండు నెలల బిడ్డకైనా స్నానం కనీసం 24 గంటలు ఆగాలి. చిన్న బిడ్డకు బరువు పెరిగేదాకా తడిగుడ్డతో తుడవడం చాలు. "మైల పోవద్దా డాక్టరుగారూ" అని అడిగే అమ్మమ్మతో వాదించకండి. పురుడు పదకొండో రోజు కదా, స్నానమూ ఆ రోజే మొదలుపెడదాం అనండి. ఒప్పుకుంటారు.

ఇక కమిటీ వారికి నా విన్నపం. నిధి మీద ఈ ఏటి వడ్డీతో ఆస్పత్రికి ఏం కొనాలని నన్నడిగారు. వార్మర్ కొనకండి, వాటికి ప్రభుత్వ నిధులు వస్తాయి, వార్మర్ మీద దాత పేరు రాయించుకోవడానికి ముందుకొచ్చేవాళ్లూ ఉంటారు. పిల్లల ఐసీయూలో వెనక్కి వాలే కుర్చీలు వేయించండి, చేతులున్నవి, కోతకాన్పు అయిన తల్లి కుట్లు నొప్పెట్టకుండా కూర్చోగలిగినవి. కుర్చీకీ కుర్చీకీ మధ్య తెర. ముందు తెరుచుకునే గౌన్లు, ఏ కొలత ఒంటికైనా పట్టేవి. తల్లికి లోపలే మరుగుదొడ్డి, రెండు పూటలా భోజనం అక్కడికే. కడుపు నిండని బాలింత 17 గంటలు కూర్చోలేదు. సూపరింటెండెంట్ గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఇంకొకటీ అడిగేస్తాను, దీనికి ఖర్చు లేదు: ఐసీయూ తలుపు మీద "తల్లులకు సాయంత్రం 4 నుంచి 5 వరకు" అని రాసిన బోర్డు ఈ వారంలో తీయించండి.